నీడను నిలిపిన రాళ్లు

కృష్ణాతీరమున నాగార్జునకొండ లోయలో, ఇక్ష్వాకు రాజులు విజయపురి యను నగరమును రాజధానిగా జేసికొని యేలుచుండిన క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దుల కాలమున, చనిపోయినవారి జ్ఞాపకార్థము సున్నపురాతి కంబములను చెక్కించి నిలుపు ఆచార మొకటి యుండెను. ఆ కంబములపై నున్న ప్రాకృత శాసనములు వానిని ‘ఛాయాఖంభ’ములని పేర్కొనుచున్నవి. జయస్తంభమన్నచో గర్వము వినిపించును. కీర్తిస్తంభమన్నచో వందిమాగధుల గొంతు వినిపించును. ఛాయాస్తంభమన్న మాటలో మాత్రము అట్టి హడావుడి యేమియు లేదు. ఛాయ యనగా ప్రతిరూపమని పండితుల వ్యాఖ్యానము, అది సరియైనదే. అయినను తెలుగు చెవికి ఆ మాట మొదట నీడగానే తోచును. మనుష్యుడు పోగా నీడ మాత్రము మిగిలినదనియు, పొద్దు వాలినంతనే అది చెరగిపోకుండ ఎవరో దానిని రాతిలో పట్టి నిలిపిరనియు అనిపించును.

ఆ లోయలో ఇట్టి కంబములు రాజులకే కాదు, రాణులకు, సేనానులకు, యుద్ధములలో కూలిన భటులకు, శిల్పకారులకు సైతము నిలుపబడినవి. వానిలో నన్ని విధముల విశేషమైనది ఇక్ష్వాకు వంశమునకు మూలపురుషుడైన వాసిష్ఠీపుత్ర శాంతమూలుని స్తంభము. ఆయన అశ్వమేధ వాజపేయాది క్రతువులు చేసినవాడు. కోట్లకొలది హిరణ్యమును, లక్షలకొలది గోవులను, నాగళ్లను దానము చేసినవాడని వంశశాసనము లన్నియు ఒకే ధోరణిలో చదువును. ఆయన తోబుట్టువైన శాంతిశ్రీ బౌద్ధసంఘమునకు మహాచైత్యమును కట్టించినది. అన్న యజ్ఞశాలలో, చెల్లెలు చైత్యప్రాంగణమున. ఆ వైదిక మహారాజు గతించిన పిమ్మట, కుమారుడు వీరపురుషదత్తుని యిరువదవ పాలనసంవత్సరమున ఈ స్తంభమును నిలిపినవారెవరన, రాజ్యమును పొందిన కుమారుడు కాదు, మంత్రులు కాదు. తల్లులు, తోబుట్టువులు, భార్యలు. వారి పేర్లను వరుసగా శాసనములో చెక్కించిరి. మహారాజ బిరుదావళికన్న ఆ యాడువారి పేర్ల పట్టికయే నాకు ఎక్కువ విలువైనదిగా కనిపించును. మృతుడెవరో చెప్పు రాళ్లు లోకమున నెన్నియో యున్నవి. ఏడ్చినవారెవరో చెప్పు రాళ్లు అరుదు. ఒక స్మారకమునకు ప్రాణము దాని యెత్తులో లేదు, శిల్పమున నున్న నేర్పులోను లేదు. ఇది నిలిపినది మేము, ఈ దుఃఖము మాది అని చెప్పుకొను హక్కు ఎవరికి దక్కినది అను ప్రశ్నలో నున్నది. ఈ వ్యాసమున నేను పదునెనిమిది శతాబ్దుల పొడుగున వెదకబోవునది ఆ హక్కునే.

ఆ కంబముల తరువాతి చరిత్రయు చిత్రమైనదే. విజయపురి పాడుపడి, పేరు సైతము మరుపునబడి, పల్నాటి యడవిలో పశువులు మేయు బయలుగా నుండగా, 1926లో సూరపరాజు వెంకటరామయ్య యను ఉపాధ్యాయుడు అచట నొక ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలిపెను. మరుసటియేడు లాంగ్‌హర్స్ట్ దొర త్రవ్వకములు మొదలుపెట్టెను. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేయగా, ఆనకట్ట లేచులోపల లోయనంతయు త్రవ్వి చూచుట కొకమారు పెద్దయెత్తున పూనిక జరిగెను. తరువాత నీరు వచ్చెను. కట్టడములలో కొన్నింటిని కొండపైకిని, కొన్నింటిని అనుపునకును తరలించిరి. కొండ ద్వీపమాయెను. చనిపోయినవారి నీడలను నిలిపిన కంబములు ఇప్పుడు ద్వీపముమీది మ్యూజియములో, తాము నిలిచిన నేల నీటియడుగున నుండగా, లాంచీ దిగి వచ్చువారికొరకు నిలిచియున్నవి. స్మారకమునకు స్థలము వేరుపడినచో మిగులునది కళాఖండము. అది నష్టమా, లాభమా అన్నచో, మునిగిపోవుటకన్న మేలని మాత్రము చెప్పవచ్చును.

ఇచట మాటనుగూర్చి యొక మాట. నేటి తెలుగున చనిపోయిన పోరాటయోధుల పేర నిలుపు కట్టడమును ‘స్తూపము’ అందుము. ఊరి నడుమ ఎఱ్ఱరంగు వేసిన నిలువుదిమ్మె యైనను స్తూపమే, నగరమున పాలరాతితో కట్టిన కంబమైనను స్తూపమే. నిజమునకు స్తూపమన అండాకారపు దిబ్బ; దాని గర్భమున ధాతువు, అనగా బుద్ధుని యస్థియో, ఆచార్యుని యస్థియో యుండవలెను. మనవి రూపముచేత స్తంభములు. అయినను జనులు ‘అమరవీరుల స్తంభము’ అనక ‘స్తూపము’ అనిరి. స్తంభమన నిలిచియుండునది, స్తూపమన లోపల నేదో కలది. ఎవరును కూర్చొని యాలోచించి చేసిన నిర్ణయము కాకపోయినను, భాష తనంతట చేసిన యీ యెంపిక తప్పని నేననుకొనను.

స్తూపముల గతి యెట్లయినదో అమరావతి చెప్పును. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అచట తన పట్టణమును కట్టించుచుండగా, ఇటుకకును రాతికిని పనివారు ఒక దిబ్బను త్రవ్విరి. ఆ యూరివారు దానిని దీపాలదిన్నె యనెడివారు. ఏనాటి దీపములో, ఎవరు వెలిగించినవో యెవరికిని జ్ఞాపకము లేదు. పేరు మాత్రము మిగిలినది. 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూచునాటికే సున్నపురాతి శిల్పములు బయటపడి చెదరుచుండెను. ఆయన 1816లో మరల వచ్చి చిత్రములు గీయించుకొనునాటికి మరెన్నియో పోయియుండెను. కొన్ని గోడలలో చేరినవి, కొన్ని మెట్లయినవి, కొన్ని సున్నపుబట్టీలలో కాలి సున్నమైనవి. మిగిలినవి చెన్నపట్టణపు మ్యూజియమునకును, లండను బ్రిటిష్ మ్యూజియమునకును చేరినవి. వేంకటాద్రినాయుని దూషించుట సులభము. కాని తలచికొనువారు ఊరిలో లేనినాడు స్తూపము దిబ్బయే గదా. దిబ్బలోని రాయి రాయియే గదా.

రాజుల కంబములను విడిచి పొలములలోనికి దిగినచో కనబడునది వీరగల్లు. ఛాయాస్తంభమునకు ఇది నేరుగా వారసురాలని చెప్పలేము గాని, పని యొక్కటే. రాయలసీమలో, విశేషించి చిత్తూరు, కడప ప్రాంతములలో, బాణ, వైదుంబ వంశములవారు పోరాడుకొనిన కాలమునాటి వీరశిలలు నేటికిని గట్లమీద, చెరువుకట్టలమీద, చింతచెట్ల క్రింద నిలిచియున్నవి. వాని కూర్పు ప్రాయికముగ నొక్క రీతినే యుండును. అడుగు పలకలో యుద్ధము: కత్తి యెత్తినవాడో, విల్లు వంచినవాడో, ప్రక్కన నాలుగైదు పశువులు. నడిమి పలకలో అప్సరసలు వీరుని చెరియొక వైపున పట్టి గాలిలో తీసికొనిపోవుచుందురు. పై పలకలో వాడు కైలాసమున లింగము ముందు కూర్చుండియుండును. శిఖరమున సూర్యచంద్రులు. చదువురాని రైతుకు సైతము క్రిందినుండి పైకి చదువుకొనదగిన గ్రంథమది. మూడు పలకలలో మరణము, ప్రయాణము, గమ్యము.

ఆ వీరులలో పెక్కుమంది చనిపోయినది రాజ్యముకొరకు కాదు, పశువులకొరకు. శత్రువులు ఊరిమందను తోలుకొనిపోవుచుండగా అడ్డుపడి పోరాడి కూలినవారు వారు. గోగ్రహణము భారతములో విరాటుని కొలువునకు సంబంధించిన ఘట్టముగా మనము చదువుకొందుము. సీమ పల్లెలలో అది ఏటేట ఎదురయిన యాపద. రాజు ఆ కుటుంబమునకు భూమి నిచ్చుట, ఆ భూమి హద్దులు ఆ రాతిమీదనే చెక్కుట, దానిని హరించినవాడు మహాపాతకములు చేసినవానితో సమానుడని శపించుట, ఇవియు పలుచోట్ల కనబడును. కనుక వీరగల్లు శోకశిల మాత్రమే కాదు; ఒకవిధమున దస్తావేజు. తండ్రి పోయిన యింట పిల్లలకు తిండి దొరకు మార్గము రాతిమీద నుండుట, అప్సరసలు పల్లకీవలె మోసికొనిపోవుటకన్న గొప్ప విషయమని నా యభిప్రాయము. శిల్పమును మెచ్చువారు దీనిని తరచుగా చదువకయే దాటిపోవుదురు.

సతిశిలలను గూర్చి మాత్రము అంత నెమ్మదిగా చెప్పజాలను. గాజులతో నిండిన యొక చేయి మోచేతివద్ద వంగి పైకి లేచియుండును. కొన్నింట ఆ చేత నిమ్మపండుండును. ముఖము చెక్కినవి కలవు, ముఖమే లేక చేయి మాత్రము చెక్కినవి కలవు. పేరంటాలని పిలిచి పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కిరి. ఇచట రాతిని నిలిపినవా రెవరో, ఆ నిలుపుటలో వారికి కలిగిన లాభమేమో యాలోచించినపుడు చేయి జోడింపబుద్ధి పుట్టదు. శాంతమూలుని స్తంభమున ఏడ్చిన యాడువారికి పేర్లున్నవి. ఇచట కాలిన యాడుదానికి పెక్కుచోట్ల పేరు సైతము లేదు. శ్రీశైలమున 1378లో అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపము వేరొక విధమైన మరణమునకు సాక్షి. భక్తావేశమున తలలను, నాలుకలను ఖండించుకొనువారికొరకు రాజే మండపము కట్టించెను. మరణము ముందే నిర్ణయమై దానికి కట్టడము ముందే సిద్ధమైయుండుట స్మారకముల చరిత్రలో తలక్రిందులైన ఘట్టము. అంతకుమించి దానిమీద నిలువను.

వీరగల్లుల మీద సూర్యచంద్రులను చెక్కుటలో ఆచంద్రార్కము నిలువవలెనను కోరిక యున్నది. నిలిచినవి రాళ్లే. వానిలో కొన్ని నేడు గ్రామదేవతలై కుంకుమ పూయించుకొనుచున్నవి. కొన్ని ఏ గట్టునో పశువులు వీపు రాచుకొనుటకు పనికివచ్చుచున్నవి. పశువులకొరకు చచ్చినవానికి ఇంతకన్న తగిన పూజ లేదని నవ్వుకొనిన రోజులు నాకున్నవి.

రాయి నిలిచి మనుష్యులు మరచిన కథలకు ఎదురుగా, మనుష్యులు మరువక రాతిని బ్రతికించుకొన్న చోటు కారెంపూడి. పల్నాటి యుద్ధము పండ్రెండవ శతాబ్ది చివర నాగులేటి యొడ్డున జరిగెనని చెప్పుదురు. కూలినవారు అరువదియార్గురు నాయకులని జనశ్రుతి. వీర్లగుడిలో వారికి రాళ్లున్నవి. కాని ఆ గుడిని గుడిగా నిలిపినవి రాళ్లు గావు. ఏటేట కార్తికామావాస్యనుండి అయిదు నాళ్లు ఉత్సవము జరుగును: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఈ పేర్లే ఒక క్రమమున యుద్ధకథ. దూరప్రాంతములనుండి ఆచారవంతులు తమ తమ వీరుల ఆయుధములను, వానిని కొణతములందురు, భుజమున మోసికొనివత్తురు; నాగులేట వానిని కడుగుదురు. వీరవిద్యావంతులు కథ పాడుదురు. మందపోరునాడు మందను కాచుచు కూలిన లంకన్నను తలచికొందురు. చూడుడు, ఇచటను పశువులే. బ్రహ్మనాయుడు కులభేదము లేక అందరిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి పెట్టించిన చాపకూడు నేటికిని వడ్డింతురు. కళ్లిపాడునాడు వీరులు మరల ఒకమారు నేలకొరగుదురు.

గ్రంథము వ్రాసి శ్రీనాథుడు పల్నాటి వీరులను నిలిపెనని సాహిత్యచరిత్ర చెప్పును. నేను కాదనను. కాని పుస్తకము తెరువని యింటినుండి ఒక ముసలివాడు తాతలనాటి యినుపకత్తిని గుడ్డలో చుట్టుకొని బయలుదేరుచున్నాడన్నచో, వాని నిలిపినది మాత్రము శ్రీనాథుడు కాడు. ఎనిమిది వందల సంవత్సరములుగా ఏ ప్రభుత్వమును ఆజ్ఞాపింపని శోకమది. పైగా ఆ యుద్ధము ఎవరు గెలిచిరో చెప్పలేని యుద్ధము, ఇరువైపులను దాయాదులే. గెలుపులేని యుద్ధమునకే ఇంత దీర్ఘమైన జ్ఞాపకము దక్కుట ఆశ్చర్యము కాదేమో. గెలిచినవాడు జయస్తంభమును నిలిపి ఇంటికి పోవును.

ఇరువదవ శతాబ్దిలో తెలంగాణమున రాళ్లు మరల లేచినవి. 1946 జులై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు కూలిన తరువాత సాయుధపోరాటము ముదిరెను. అది 1951లో ముగిసినది. పోయినవారి పేర ఊళ్లలో ఎఱ్ఱస్తూపములు వెలసినవి. శిల్పముగా చూచినచో అందులో చూడదగినది స్వల్పము: ఇటుక, సిమెంటు, సుత్తికొడవలి, పేర్లు. కాని ఆ పేర్లు గమనింపదగినవి. ఇక్ష్వాకు రాణుల కంబమున నిలిపినవారి పేర్లుండెను, వీరగల్లున వీరుని పేరుండెను. ఎఱ్ఱస్తూపమున వెట్టి చేసినవాని పేరు, గొఱ్ఱెల కాపరి పేరు మొదటిసారిగా ఇంటిపేరుతో సహా అక్షరములలో నిలిచినది. తరువాతి దశాబ్దములలో ఉద్యమములు చీలి, నిషేధములు వచ్చి, అట్టి స్తూపములు పెక్కు కూల్చబడినవి. రాతిని కూల్చవలెనని తోచుటయే దానికి బలమున్నదని యొప్పుకొనుట. బైరాన్‌పల్లిలో మాత్రము కొత్తగా కట్టనవసరము లేకపోయెను. 1948 ఆగస్టు 27వ తేదీన రజాకార్లు ఆ యూరిపై పడి తొంబదిమందికి పైగా చంపిరి; ఊరివారు ఎక్కి పోరాడిన బురుజు అచటనే యున్నది. చెక్కనక్కరలేని స్మారకము.

ఇక హైదరాబాదు గన్‌పార్కు. శాసనసభకు ఎదురుగా, పబ్లిక్ గార్డెన్సు ప్రక్కన, మోటారువాహనముల రొద నడుమ చిన్న తోట. 1969 తెలంగాణోద్యమమున పోలీసుకాల్పులలో చనిపోయినవారు, అందు పెక్కురు విద్యార్థులు, 369 మంది యని ఉద్యమకారులు చెప్పుదురు. ఆ సంఖ్యయే తరువాత ప్రజల నోట స్థిరపడినది. వారికి స్మారకము నిలుపవలెనని పూనుకొని 1970లో శంకుస్థాపన చేసిరి. కట్టడము పూర్తియగుటకు 1975 వచ్చెను. ఆ యైదేండ్లలో నున్న జాప్యములో ఎన్ని ఆటంకములుండెనో ఊహింపవచ్చును. తాను కాల్పించినవారికి తన సభాభవనము గుమ్మమెదుట గుర్తు లేచుటను ఏ ప్రభుత్వము సంతోషముతో చూచును? రూపకల్పన చేసినవారు ఎక్కా యాదగిరిరావు. హైదరాబాదున ఆధునిక శిల్పవిద్యను అభ్యసించినవారు.

ఆయన ముందున్న చిక్కు ఛాయాఖంభము చెక్కినవాని కెన్నడును ఎదురుకానిది. ఇక్ష్వాకు శిల్పికి ఒక రాజు, ఆ రాజు ఏనుగుమీద నుండగా, దానము చేయుచుండగా చెక్కవలెను. వీరగల్లు శిల్పికి ఒక వీరుడు. వందలమందిని ఒక్క రాతిలో చూపుట యెట్లు? ముఖము చెక్కినచో ఎవరి ముఖము? తుపాకి చెక్కినచో అది కాల్చినవాని స్మారకమగును. యాదగిరిరావు ముఖమును విడిచిపెట్టెను. నల్లరాతి పీఠముమీద, నాలుగు వైపులను, తూటాలు తాకినట్లు తొమ్మిదేసి రంధ్రములు చేసెను. తొమ్మిదన ఆనాటి తెలంగాణపు తొమ్మిది జిల్లాలు. పైన త్యాగమునకు గుర్తుగా ఎఱ్ఱరాయి, సాంచీ స్తూపమునుండి తెచ్చిన మకరతోరణము, తొమ్మిది గీతలుగల కంబము, ధర్మచక్రము, శిఖరమున తొమ్మిది రేకుల తెల్లని పువ్వు.

ఆ రంధ్రములను నేను మరల మరల తలచుకొందును. శిల్పమన రాతికి రూపము నిచ్చుట యని మనకు నేర్పిరి. ఇచట శిల్పి చేసినది రాతిని తీసివేయుట. లేనిదానిని చూపుటకు లేకుండ జేయుటయే మార్గమని కనుగొన్నవాడు నిజమైన శిల్పి. తోరణము విషయమున నాకు సందేహమున్నది. సాంచీ దక్షిణతోరణముపై శాతకర్ణి శిల్పుల పెద్ద చేయించిన శాసనమున్నది గనుక ఆ రూపమునకు మన సాతవాహనులతో బంధుత్వము లేకపోలేదు, చెప్పినచో చెప్పుకొనవచ్చును. అయినను సాంచీ తోరణమును అశోకచక్రమును స్వతంత్రభారత ప్రభుత్వపు చిహ్నభాషకు చెందినవై పోయినవి; ప్రభుత్వము చేతిలో పోయినవారిమీద ప్రభుత్వ చిహ్నమును కప్పుట దేనికి? దీనికి మరియొక సమాధానమును కలదు: ఆ పిల్లలు దేశమును వద్దన్నవారు కారు, రాజ్యాంగములోనే తమకు వేరు రాష్ట్రము కావలెనన్నవారు. ఆ చక్రము వారిదియు. శిల్పి ఈ రెండవ మాటనే అనుకొని యుండును.

తొమ్మిది యను సంఖ్యకు కాలము చేసిన పరిహాసమును చెప్పవలెను. 1978లో రంగారెడ్డి జిల్లా యేర్పడి తొమ్మిది పదియైనవి. రాష్ట్రము వచ్చిన తరువాత 2016లో ముప్పదియొకటి, 2019లో ముప్పదిమూడు. కాగితముమీది పటము మారుచుండగా రాయి మాత్రము తొమ్మిదివద్దనే నిలిచినది. అది తప్పు కాదు. చనిపోయినవారి పటము చనిపోయిననాటిదే యగును. 2009 చివర ఉద్యమము మరల రగులుకొనినపుడు, ఊరేగింపులన్నియు ఆ రంధ్రముల ముందే ఆగెడివి. 2014 జూన్ 2వ తేదీన కొత్త రాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి అచట పూలుంచి తన దినచర్య నారంభించెను. ఎదురుగా నున్న సభాభవనపు గుమ్మము అదే.

అచటికి కూతవేటు దూరమున హుస్సేనుసాగరు కట్ట యున్నది. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము దానిపై తెలుగు మహానుభావుల విగ్రహములను వరుసగా నిలిపెను. 2011 మార్చి 10వ తేదీన ఉద్యమకారులు వానిలో కొన్నింటిని పడగొట్టిరి. విగ్రహముల వరుసలో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అను వివాదము అందరెరిగినదే. దానికన్న నన్ను బాధించునది నీటి నడుమ నున్నది. గణపతి స్థపతి చెక్కించిన బుద్ధవిగ్రహమును, 350 టన్నుల యేకశిలను, 1990 మార్చిలో పడవపై తీసికొనిపోవుచుండగా అది ఒరిగి మునిగెను; దానితో పలువురు మునిగిపోయిరి. రెండేండ్ల తరువాత రాతిని పైకి తీసి, 1992 డిసెంబరు 1వ తేదీన నిలిపిరి. కరుణామూర్తి చేయెత్తి నిలిచియున్నాడు. ఆయనతో నీట మునిగినవారి పేర్లను చెప్పుమన్నచో ఈ నగరమున నెందరు చెప్పగలరు?

ఆ సాగరపు టొడ్డుననే, కొత్త సచివాలయమున కెదురుగా, 2023 జూన్ 22వ తేదీన తెలంగాణ అమరవీరుల స్మారకమును తెరచిరి. రూపకర్త ఎం.వి. రమణారెడ్డి. ప్రమిద యాకారమున నున్న మహాభవనము. దానిపై బంగారువన్నె జ్వాల. అతుకులు కానరాని స్టెయిన్‌లెస్ స్టీలు. లోపల ప్రదర్శనశాల, సమావేశమందిరము, భోజనశాలకు సైతము తావు. శోకగృహమున భోజనశాల యేమిటని కొందరనిరి; నాకు చాపకూడు గుర్తువచ్చినది. తేడా యొక్కటే: చాపకూడు కొనుక్కొనునది కాదు. ప్రమిదను చూచినపుడు దీపాలదిన్నెయు గుర్తువచ్చును. ఈ లోహమున ఎవరి రూపమును లేదు, రంధ్రమును లేదు. అద్దమువలె మెఱయుచుండును గనుక దగ్గరకు పోయినవానికి తన నీడ, వెనుకనున్న రోడ్డు, ఆకాశము వంగి కనబడును. చూడవచ్చినవారు ఆగి తల సవరించుకొందురు, ఫొటో తీసికొందురు.

హక్కును గూర్చి వెదకుచు వచ్చితిని గదా. అది అన్నిటికన్న గట్టిగా కనబడిన చోటు ఆదిలాబాదు జిల్లాలోని ఇంద్రవెల్లి. భూములకు పట్టాలు లేక, వచ్చిన షావుకార్లకు పొలములు పోగొట్టుకొని, గోండులు గిరిజన రైతుకూలీ సంఘముగా కూడి 1981 ఏప్రిలు 20వ తేదీన సభ పెట్టుకొనదలచిరి. ఆ దినము సోమవారము, సంతదినము. సభకు అనుమతి లేదనిరి. ఆ సంగతి కొండలలోనుండి నడచివచ్చుచున్నవారికి తెలియలేదు. కాల్పులు జరిగినవి. ప్రభుత్వము చెప్పిన సంఖ్య పదుమూడు. జనులు చెప్పు సంఖ్య దానికి అనేకరెట్లు. గన్‌పార్కులో ఒక్క సంఖ్య స్థిరపడినది. ఇచట రెండు సంఖ్యలు నేటికిని ఎదురెదురుగా నిలిచియున్నవి.

గోండులకు రాయి నిలుపుట ఎవరో నేర్పవలసిన పని కాదు. తూర్పున బస్తరు అడవులలో వారి సోదరజాతులవారు మృతులకొరకు నిలువురాళ్లను, చెక్కిన కఱ్ఱకంబములను నిలుపు ఆచారమును గ్రిగ్సన్, ఎల్విన్ వంటి పరిశోధకులు సవిస్తరముగా వ్రాసియున్నారు. ఆదిలాబాదు గోండులతో బ్రతికిన హైమెండార్ఫ్ దంపతులకు మార్లవాయిలో సమాధులున్నవి; ఎక్కడో వియన్నాలో పుట్టినవానిని తమవానిగా తలచి పూజించు జనము వారు. అట్టివారికి తమ బిడ్డలకు రాయి నిలుపుకొనుట మాత్రము సులభము కాలేదు. 1983లో విప్లవకారులు ఇంద్రవెల్లిలో ఎఱ్ఱస్తూపమును కట్టిరి. 1986లో దానిని ఎవరో పేల్చివేసిరి. గిరిజనులు ఊరుకొనలేదు, 1987లో ప్రభుత్వమునకు చెందిన గిరిజనాభివృద్ధి సంస్థయే దానిని మరల కట్టవలసివచ్చెను. కాల్చినదియు ప్రభుత్వమే, కట్టినదియు ప్రభుత్వమే. ఇట్టి స్తూపము మరెచటనైనను కలదా యని వెదకదగినదే.

కట్టిన తరువాత కావలి పెట్టిరి. ఏటేట ఏప్రిలు 20 వచ్చుసరికి 144వ సెక్షను, దారులలో పోలీసులు. తల్లులు, తోబుట్టువులు, భార్యలు, అనగా శాంతమూలుని కంబమున పేర్లు చెక్కించుకొన్న ఆ మూడు వరుసలవారే, స్తూపము కనబడు దూరమున ఆగి వెనుదిరిగిన సంవత్సరములు పెక్కు. రాయి ఉన్నది, నీడ ఉన్నది. నీడలో నిలువనిచ్చువారు లేరు. రాష్ట్రము వేరైన తరువాత కట్టుబాట్లు క్రమముగా సడలినవి. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి వచ్చి స్మృతివనమునకు శంకుస్థాపన చేసెను.

ఇంద్రవెల్లి సంత నేటికిని సోమవారమే. ఏప్రిలు 20వ తేది సోమవారముతో కలసివచ్చిన యేట, పప్పు ఉప్పు కొనవచ్చినవారును స్తూపమునకు పోవువారును ఒకే దారిని నడతురు. ఎవరు దేనికి వచ్చిరో చేతిసంచిని చూచి చెప్పలేము.